ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లలు, ఊళ్లో చీలిన పెద్దలు: ఒక కేస్ స్టడీ

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. 2022లో ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చిన మెడికల్ విద్యార్థుల కుటుంబాలతో, కోస్తాలోని ఒక చిన్న టౌన్‌లో, దాదాపు ఏడాది పాటు పనిచేశాను. పిల్లల భయం పోగొట్టమని పిలిచారు గానీ, నా సమయమంతా పెద్దవాళ్ల తగాదాకే సరిపోయింది. ఎక్కడో జరిగే యుద్ధం ఒక ఊళ్లోవాళ్లని విడదీసినప్పుడు ఏది ముట్టుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది ఈ కేసులో కొంత తేలింది కాబట్టి రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను. వృత్తులు, కుటుంబ వివరాలు మార్చాను. ఒకరిద్దరి కథలు కలిపేశాను.

నేపథ్యం

ఈ పిల్లలు ఉక్రెయిన్ ఎందుకు వెళ్లారో తెలుగువాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. నీట్‌లో క్వాలిఫై అయ్యారు, కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. బి కేటగిరీ అంటే ఏడాదికి పది లక్షల పైమాటే. ఇక్కడి రెండేళ్ల ఫీజుతో అక్కడ కోర్సు మొత్తం అయిపోతుందని కన్సల్టెన్సీలు చెప్పాయి. కొందరు బ్యాంకు లోన్ తీసుకున్నారు, కొందరు పొలం తాకట్టు పెట్టారు, రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చినవాళ్లూ ఉన్నారు.

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. ఆరోజే ఉక్రెయిన్ గగనతలం మూసేశారు. పశ్చిమాన ఉన్న పిల్లలు రుమేనియా, హంగరీ, పోలండ్ సరిహద్దులు దాటి కొంత త్వరగానే బయటపడ్డారు. ఖార్కివ్‌లో ఉన్నవాళ్లు మెట్రో స్టేషన్లలో, హాస్టల్ బేస్‌మెంట్లలో తలదాచుకున్నారు. మార్చి 1న కర్ణాటక విద్యార్థి ఒకరు అక్కడే చనిపోయాడు. ఆ మర్నాడు మన రాయబార కార్యాలయం, వాహనం దొరక్కపోతే నడిచైనా సరే, సాయంత్రంలోగా ఖార్కివ్ వదలమంది. ఈశాన్యాన రష్యా సరిహద్దు దగ్గరున్న సుమీలో సుమారు ఏడొందల మందిని మార్చి 8 దాకా కదపడం కుదరలేదు. మనవాళ్లని విమానాల్లో వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ అయ్యాక, మొత్తం 22,500 మంది భారతీయులు తిరిగొచ్చారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

మా టౌన్‌లో ఆటో స్టాండ్ దగ్గర ఫ్లెక్సీలు కట్టి, శాలువాలు కప్పి పిల్లలకి స్వాగతం పలికారు. ఉగాది నాటికి ఫ్లెక్సీలు పోయాయి, మాటలు మొదలయ్యాయి. విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లలో నూటికి తొంభై మంది ఇక్కడ ప్రాక్టీసు కోసం రాయాల్సిన పరీక్ష గట్టెక్కరని ఒక కేంద్రమంత్రి అన్న మాట చాలా ఇళ్లకి మంచినీళ్ల క్యాన్ వేసేవాళ్ల నోట కూడా వినపడింది.

నా దగ్గరకి వచ్చిన సమస్య

టౌన్‌లో ఒక డాక్టరుగారు పంపారు. పిల్లలు నిద్ర మాత్రలకి వస్తున్నారు, మందు ఒక్కటే చాలదనిపిస్తోంది, వచ్చి చూడమన్నారు. నేను వెళ్లేసరికే అక్కడి సేవా సంస్థ ఒకటి 'మనసు విప్పి మాట్లాడుదాం' అని సభ పెట్టేసింది. పిల్లల్ని ఒక్కొక్కరినీ మైకు ముందుకు పిలిచి, ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమన్నారు. సుమీ నుంచి వచ్చినబ్బాయి మంచు కరిగించి తాగిన సంగతి చెప్పాడు. తర్వాత మైకు పుచ్చుకున్న అమ్మాయి రుమేనియా సరిహద్దు దగ్గరున్న చెర్నివ్ట్సి నుంచి రెండో రోజే బస్సెక్కేసింది. 'నాదేం లేదండీ' అని కూర్చుండిపోయింది. ఆ సభ తర్వాత ఆ అమ్మాయి బయటికి రావడం మానేసింది. తనకి బాధపడే అర్హత లేదనుకుందని తర్వాత తెలిసింది.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరులు తెచ్చిన ప్రథమ మానసిక సహాయం గైడ్ సరిగ్గా ఇదే వద్దంటుంది. జరిగింది చెప్పమని ఎవర్నీ ఒత్తిడి చేయకూడదు. ముందు అవసరాలు చూడాలి, చెప్తే వినాలి, కావాల్సిన సాయానికి కలపాలి. అందుకే నేను అలాంటి సభలు ఆపించి, విడివిడిగా కలవడం మొదలుపెట్టాను. నిద్ర, తిండి, రోజువారీ టైమ్‌టేబుల్ గురించే ఎక్కువ మాట్లాడేదాన్ని. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గనివాళ్లని సైకియాట్రిస్ట్ దగ్గరకి పంపాను. మిగతావాళ్లలో చాలామందికి వారాలు గడిచేకొద్దీ అవే తగ్గాయి.

తగ్గకుండా చేసినవి ఆన్‌లైన్ క్లాసులు. మన టైమ్‌కి మధ్యాహ్నానికి కాస్త ముందు మొదలయ్యేవి. క్లాసు మధ్యలో అక్కడ సైరన్ మోగితే లెక్చరర్ సారీ చెప్పి లేచి వెళ్లిపోయేవారు. స్క్రీన్ మీద ఖాళీ కుర్చీ, స్పీకర్లో సైరన్. వంటింట్లో అమ్మకి కూడా వినపడేది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమంటే పిల్లలు ఒప్పుకోలేదు. చెవి పక్కనే మోగితే ఇంకా భయమట. స్పీకర్ చిన్నగా పెట్టుకుని, తలుపు తీసి, ఇంట్లో ఎవరో ఒకరు కనపడేలా కూర్చోమన్నాను. చిన్న మార్పే గానీ చాలా ఇళ్లలో పనిచేసింది.

ఈలోగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు రణరంగమైంది. పిల్లలు సరిహద్దుల్లో చిక్కుకున్న రోజుల్లో ఎవరి బస్సు ఎక్కడుందో చెప్పుకోవడానికి పెట్టుకున్న గ్రూపది. అప్పట్లో రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టినా జవాబొచ్చేదట. నేను చూసేసరికి దాన్నిండా రష్యా, ఉక్రెయిన్, నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి). మార్చి 2న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో రష్యాను ఖండించే తీర్మానానికి 141 దేశాలు ఓటేశాయి, 5 వ్యతిరేకించాయి, భారత్ సహా 35 దూరంగా ఉన్నాయి. ఈ ఒక్క ఓటు మీద గ్రూపు రెండు ముక్కలైంది. 'మనం ఓటేయకపోబట్టే రష్యా మన పిల్లలకి దారిచ్చింది' అని ఒక వర్గం. 'ఓటేయకపోబట్టే సరిహద్దులో మన పిల్లల్ని వెనక్కి నెట్టారు' అని రెండో వర్గం. రెండు వైపులా ఉన్నది సొంత పిల్లల్ని ఆ సరిహద్దుకి పంపినవాళ్లే, అందుకే ఎవరూ తగ్గలేదు. దానికితోడు పిల్లల్ని రప్పించిన ఘనత కేంద్రానిదా, రాష్ట్రానిదా అన్న పంచాయితీ. ఒక పెళ్లిలో ఇద్దరు తండ్రులు ఒకే బంతిలో కూర్చోనన్నారు. కౌన్సెలింగ్ మాట ఎత్తితే 'ముందు వాళ్లని మాట్లాడటం ఆపమనండి' అనేవారు.

ముందు ప్రయత్నించినవి

మొదట అందర్నీ ఒకచోట కూర్చోబెట్టాను. ఒకటే షరతు: యుద్ధం మాట ఎత్తకూడదు, పిల్లల చదువు గురించే మాట్లాడాలి. అభిప్రాయాల్ని పక్కన పెడితే అవసరాలు కలుస్తాయని లెక్క. అరగంట బాగానే నడిచింది. తర్వాత ఒకాయన వచ్చే సెమిస్టర్ ఫీజు కట్టాలా వద్దా అని అడిగారు. 'ఇన్నాళ్లు మన పిల్లలకి చదువు చెప్పిన దేశం, కష్టంలో ఉంది, కట్టాల్సిందే' అన్నారొకరు. 'మనం కట్టేది తుపాకులకి పోతుంది' అన్నారు ఇంకొకరు. అంతే. ఆ షరతు నిలబడేది కాదని అక్కడే తెలిసిపోయింది. ఫీజు, వేరే కాలేజీకి ట్రాన్స్‌ఫర్, తిరిగి వెళ్లడం, ప్రతి ప్రశ్నలోనూ యుద్ధం ఉంది. దాన్ని బయట పెట్టి తలుపేయడం కుదరదు.

తర్వాతది తల్లిదండ్రులే కోరారు. విషయం తెలియక కొట్టుకుంటున్నామేమో, ఎవరైనా తెలిసినవాళ్లతో చెప్పిద్దామన్నారు. ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ మ్యాపులు పెట్టి, 1991లో సోవియట్ యూనియన్ విడిపోవడం నుంచి 2014లో క్రిమియా దాకా చక్కగా, ఎవరి వైపూ మొగ్గకుండా చెప్పారు. ఆయన చెప్పినదాంట్లోంచి ఎవరికి కావాల్సింది వాళ్లు ఏరుకుని వారం రోజులు గ్రూపులో వాడుకున్నారు. పిల్లలైతే మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. వాళ్లకి ఖార్కివ్ అంటే మ్యాపు మీద చుక్క కాదు కదా.

మూడోది నేను చేసింది కాదు గానీ చెప్పాలి. ఒక కన్సల్టెన్సీ 'ఉచిత గైడెన్స్' సభ పెట్టింది. జార్జియా, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ అని బ్రోషర్లు పంచింది. సీట్లు అయిపోతున్నాయని ఒక ఇంటివాళ్లతో అడ్వాన్సు కూడా కట్టించుకుంది. ఆ ఇంటివాళ్లని మిగతావాళ్లు 'దేశంలోనే సీట్లు ఇవ్వాలని మేం పోరాడుతుంటే మీరు పక్కదారి పట్టారు' అన్నారు. తగాదా అసలు దేని మీద అన్న అనుమానం నాకు అక్కడ మొదలైంది. రష్యా, ఉక్రెయిన్ అని అరుస్తున్నవాళ్లు ఎటు వైపున్నారో చూస్తే, సుమారుగా ఎవరి పిల్లలకి ఏ దారి మిగిలిందో అలాగే చీలి ఉన్నారు. చివరి ఏడాది పిల్లలున్నవాళ్లు యూనివర్సిటీతో తెగతెంపులు చేసుకోలేరు, డిగ్రీ అక్కడి నుంచే రావాలి. కాబట్టి ఉక్రెయిన్ని ఒక్క మాట పడనివ్వరు. అప్పు తెచ్చి మొదటి, రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకి ఆ దేశం మీద పీకల్దాకా కోపం. అందరి విషయంలోనూ ఇలాగే ఉందనను. కానీ కొత్త ప్రయత్నానికి అది చాలింది.

పనిచేసింది

ఇక అందర్నీ కలపాలన్న ప్రయత్నం మానేశాను. ఎవరేమనుకుంటున్నారన్నది వదిలేసి, ఏ ఏడాది చదువుతున్నారన్న దాన్ని బట్టి కుటుంబాల్ని మూడు చిన్న గ్రూపులు చేశాం. ఎందుకంటే మన దేశంలో వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనలు కూడా పిల్లల్ని అలాగే విడదీస్తాయి. 2021 నవంబర్ 18 తర్వాత చేరినవాళ్లకి కొత్త నిబంధనలు: కనీసం 54 నెలల కోర్సు, అదంతా ఒకే సంస్థలో, ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్. అంతకు ముందు చేరినవాళ్లు 2002 నాటి స్క్రీనింగ్ టెస్ట్ నిబంధనల కిందకి వస్తారు. ఇది విడమర్చి చెప్పేసరికి తెలిసిందేమిటంటే, ట్రాన్స్‌ఫర్ కోసం అందరికంటే గట్టిగా కొట్లాడుతున్న తండ్రి కొడుకు డిసెంబర్లో చేరినవాడు. ఆ అబ్బాయికి ట్రాన్స్‌ఫర్ కంటే ఇంకోచోట మొదటి నుంచి చేరడమే మేలు. పోయేది కొన్ని నెలలే.

పక్కా నోట్‌బుక్ ఒకటి పెట్టాం. నాలుగు గడులు: తేదీ, ఎవరు చెప్పారు, ఎక్కడ రాసి ఉంది, ఎవరికి వర్తిస్తుంది. మూడో గడి ఖాళీగా ఉన్న వార్తని గ్రూపులో పెట్టకూడదు. ఆ నోట్‌బుక్ రాసే పని ఇద్దరు నాలుగో ఏడాది విద్యార్థులకి ఇచ్చాను. ఒకరి తండ్రి ఒక వర్గం, ఇంకొకరి తండ్రి రెండో వర్గం. పెద్దల్లో ఎవరు రాసినా అవతలివాళ్లు నమ్మరు. ఆ ఇద్దరు పిల్లలకైతే సరిహద్దులో ఒకే దుప్పటి కప్పుకున్న స్నేహం. పైగా రోజుకి ఒక పనంటూ ఉంటే వాళ్లకీ మంచిదనిపించింది.

మార్పు జులై ఆఖర్లో కనపడింది. చివరి ఏడాదిలో దేశం వదిలి రావాల్సొచ్చినా జూన్ 30 లోపు డిగ్రీ చేతికొచ్చినవాళ్లు ఎఫ్ఎంజీఈ, అంటే విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఆ స్క్రీనింగ్ పరీక్ష, రాయొచ్చని, పాసయ్యాక రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేయాలని జులై 28న కమిషన్ ప్రకటించింది. నోట్‌బుక్‌లో అది ఎక్కిన కొద్దిరోజులకే, అప్పటిదాకా జెలెన్‌స్కీని వెనకేసుకొచ్చిన ఒకాయన గ్రూపులో మాట్లాడటం మానేశారు. ఎందుకని అడిగితే 'అబ్బాయి పరీక్షకి చదువుకుంటున్నాడండీ, ఇంట్లో ప్రశాంతంగా ఉండాలి' అన్నారు. సెప్టెంబర్ 6న ఉక్రెయిన్ వాళ్ల అకడమిక్ మొబిలిటీ ప్రోగ్రామ్‌కి, అంటే వేరే దేశంలో చదివినా డిగ్రీ పాత యూనివర్సిటీయే ఇచ్చే పద్ధతికి, కమిషన్ అభ్యంతరం లేదంది. మధ్య ఏడాది పిల్లల ఇళ్లలో చాలావరకు అరుపులు తగ్గింది అప్పుడే. వాళ్ల అభిప్రాయాలేమీ మారలేదు. మాట్లాడుకోవడానికి వేరే పని దొరికిందంతే.

అదే నెలలో ఊరు ఇంకో దెబ్బ కొట్టింది. ఈ పిల్లల్ని ఇక్కడి కాలేజీల్లో సర్దడం కుదరదని కేంద్రం సుప్రీంకోర్టులో చెప్తూ, వాళ్లు బయటికి వెళ్లడానికి కారణాల్లో నీట్‌లో మెరిట్ తక్కువ కావడం ఒకటని రాసింది. 'సుప్రీంకోర్టులోనే చెప్పారట మీవాళ్లకి మార్కుల్లేవని' అన్న మాట రెండు వర్గాలకీ తగిలింది, రెండు వర్గాలూ ఒక్కటై ర్యాలీ తీద్దామన్నాయి. నన్నూ రమ్మన్నారు. చాలామంది సహోద్యోగులు దీన్ని మంచి అవకాశం అంటారు. నేను ర్యాలీకి వద్దనలేదు, దాని మీద నా పనిని నిలబెట్టలేదు కూడా. ఉమ్మడి కోపంతో కలిసినవాళ్లు ఆ కోపం చల్లారగానే పాత బాకీలు తీస్తారని ఇంతకు ముందు భూసేకరణ గొడవల్లో చూశాను. వర్షం వల్ల ర్యాలీకి ఎక్కువమంది రాలేదు.

ఒక తండ్రి, ఒక కూతురు

ఇది గ్రూపు పనితో తీరేది కాదు కాబట్టి విడిగా చెప్తున్నాను. తండ్రి మాష్టారు, రిటైరయ్యారు. కుర్రతనమంతా పార్టీ ఆఫీసులో, లైబ్రరీలో గడిపిన మనిషి. ముందు గదిలో అద్దాల బీరువా నిండా మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు, రాదుగ, ప్రగతి ప్రచురణలు. ఆయన చదువు, ఉద్యోగం, పెళ్లి, అన్నీ ఆ పుస్తకాల నీడలోనే జరిగాయి. కూతురు ఖార్కివ్ మెట్రో స్టేషన్లో రోజులు గడిపి వచ్చింది. ఇంట్లో ఆయన టీవీ డిబేట్ పెట్టగానే తను మేడ మీదకి వెళ్లిపోయేది. తల్లి ఇద్దరికీ విడివిడిగా అన్నం పెట్టేది.

'మేడమ్, నేను యుద్ధాన్ని సమర్థించట్లేదు. నాటో అక్కడిదాకా ఎందుకొచ్చిందో చెప్తున్నానంతే' అన్నారాయన నాతో. అమ్మాయి పక్కనే ఉంది. 'నాన్నా, నాకు అర్థం కావాలని చెప్తున్నావా, నీకు బాధ లేకుండా ఉండాలని చెప్తున్నావా?' అంది.

ఆయన వాదన తప్పా ఒప్పా అన్నది ముట్టుకుంటే నేను కూడా ఇంకో డిబేట్ అవుతాను. ఆయన్ని నోరు మూసుకోమంటే ఆ ఇంట్లో ఆయనకి మిగిలేది మౌనమే, అది ఇప్పటికే కావల్సినంత ఉంది. అందుకని ఆయనకి ఒక పని చెప్పాను. కొన్నాళ్లు అమ్మాయికి ఏదీ వివరించొద్దు, అడగండి. అదీ అభిప్రాయం అడగొద్దు. ఏ వైపూ లేని జవాబు వచ్చే ప్రశ్నలే అడగండి. తను చెప్పనంటే అక్కడితో ఆపేయండి. ఆయన మాష్టారు కదా, క్యాలెండర్ కాగితం వెనక ప్రశ్నలు రాసుకున్నారు. ప్లాట్‌ఫామ్ మీద కింద ఏం పరుచుకున్నారు? నీళ్లు ఎక్కడ పట్టుకునేవాళ్లు? ఫోన్ ఛార్జింగ్ ఎలా?

మొదట్లో ఒక్క ముక్కలో జవాబులు. అట్టపెట్టెలు. తెలీదు. వంతులేసుకుని. కొన్నాళ్లకి దుప్పటి గురించి అడిగితే తను కాస్త ఎక్కువ చెప్పింది. పక్కన ఒక ముసలావిడ ఉండేదట, తన రగ్గు తీసి వీళ్లకిచ్చింది. ఆవిడకి ఉక్రెయిన్ భాష సరిగ్గా రాదు, మాట్లాడేది రష్యన్. పై నుంచి శబ్దం వచ్చినప్పుడల్లా పుతిన్‌ని ఆ రష్యన్‌లోనే తిట్టేదట. ఖార్కివ్‌లో రష్యన్ మాట్లాడేవాళ్లే ఎక్కువని మాష్టారికి తెలుసు. డిబేట్లలో ఆయన వాడే పాయింటే అది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదని తల్లి చెప్పింది. తర్వాత 'ఆవిడ ఏమైందమ్మా?' అని అడిగారట. ఆయన ఆలోచన మారిందని నేననను, ఆయనా అనలేదు. టీవీ మాత్రం వార్తల వరకే పెడుతున్నారు, అన్నం కలిసి తింటున్నారు.

ఈ పద్ధతి అన్ని ఇళ్లలో పనిచేయదు. తండ్రికి నిజంగా వినాలన్న ఆత్రం ఉండి, వినే దారి తెలియక మాట్లాడుతున్న ఇల్లు ఇది. వినే ఉద్దేశమే లేనిచోట ఈ ప్రశ్నలు క్రాస్ ఎగ్జామినేషన్ అయిపోతాయి. ఇంకో ఇంట్లో అలాగే జరగబోతుంటే వెంటనే ఆపేశాం.

తేలనివి

అక్టోబర్ 10న ఉక్రెయిన్ నగరాల మీద క్షిపణులు పడ్డాయి. ఆ నెలలోనే మన రాయబార కార్యాలయం భారతీయుల్ని దేశం వదలమని మళ్లీ చెప్పింది. తిరిగి వెళ్లిన ఇద్దరు పిల్లల ఇళ్లలో పాత రోజులు మళ్లీ వచ్చాయి. నవంబర్లో రష్యా దౌత్యాధికారులు చెన్నైలో, ఈ విద్యార్థులు రష్యాలో చదువు కొనసాగించొచ్చని ప్రకటించారు. మా గ్రూపులో ఒకబ్బాయి సరేనన్నాడు. చవక, సిలబస్ దగ్గరగా ఉంటుంది, ఏడాది పోదు. అతని లెక్కలో తప్పేమీ లేదు. మాష్టారి కూతురు అదే రాత్రి గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయింది, ఆ అబ్బాయితో మాట్లాడటం మానేసింది.

కలిపించమని ఇద్దరి స్నేహితులూ అడిగారు. నేను పూనుకోలేదు. ఎక్కడ చదవాలన్నది అతని ఇంటి నిర్ణయం. ఎవరితో మాట్లాడాలన్నది ఆమె ఇష్టం. యుద్ధంలో చిక్కుకుని వచ్చిన మనిషికి 'పోనీలే' అనాల్సిన బాధ్యత లేదు. నేను చూసుకున్నది రెండే: అతని దగ్గరకి ఆమె మీద పుకార్లు, ఆమె దగ్గరకి అతని మీద పుకార్లు గ్రూపు ద్వారా వెళ్లకూడదు, నోట్‌బుక్‌లోని సమాచారం ఆమెకి విడిగా అందాలి. ఆ పని నోట్‌బుక్ రాసే అమ్మాయి చేసింది.

2023 మార్చి ఆఖర్లో చివరి ఏడాది విద్యార్థులకి ఇక్కడే ఎంబీబీఎస్ ఫైనల్ పరీక్షలు రాసే అవకాశం సుప్రీంకోర్టు ముందు ఖరారైంది. దాంతో నోట్‌బుక్‌లో రాయాల్సింది తగ్గింది, నేనూ ఫైల్ మూసేశాను. మందులు వాడుతున్న ఇద్దరు సైకియాట్రిస్ట్ ఫాలోఅప్‌లోనే ఉన్నారు. పెళ్లిలో పక్కపక్కన కూర్చోనన్న తండ్రులిద్దరూ ఇంకా మాట్లాడుకోవడం లేదు గానీ, బ్యాంకులో లోన్ మారటోరియం (వాయిదాలు కొన్నాళ్లు ఆపడం) కాగితాలు ఎలా నింపాలో ఒకరి కొడుకు ఇంకొకరి ఇంటికి వెళ్లి చూపించి వచ్చాడు. మాష్టారి కూతురు మొబిలిటీ మీద జార్జియాలో చేరింది. ఫీజు తేడా కోసం ఆయన పీఎఫ్‌లోంచి తీశారు.